కృష్ణా రామా అనుకోలేకపోయిన కండక్టరు గారు

ముందుగా ఒక మాట చెప్పేస్తా. ఈ కేసు రాయడానికి ఆ పెద్దాయన, ఆయన భార్య ఇద్దరూ ఒప్పుకున్నారు, రాశాక ఇద్దరికీ చదివి వినిపించా కూడా. ఊరి పేరు తీసేశా, ఇంటి సంగతులు కొన్ని గుర్తుపట్టకుండా మార్చా. ఆయన పెట్టిన కండిషన్ ఒక్కటే, "రూటు మాత్రం రాయొద్దమ్మా, రూటు రాస్తే పల్నాడు మొత్తానికీ నేనేనని తెలిసిపోద్ది" అని. సరే, రాయట్లేదు. పల్నాడులో ఒక టౌను, పల్లెవెలుగు బస్సు, 33 ఏళ్ళు కండక్టరు. అంతవరకే.

నేను సైకాలజిస్టుని, డాక్టర్ని కాదు, మందులు రాయను. ఒక సైకియాట్రిస్టు గారి క్లినిక్‌లో వారానికి మూడు రోజులు కూర్చుంటా. జీవితానికి అర్థం ఏంటి అంటూ నా దగ్గరికి ఎవరూ రారు అసలు, నిద్ర పట్టట్లేదనో, కడుపులో మంటనో, ఇంట్లో గొడవలనో వస్తారు. మరి ఈయన కేసు రాయాలని ఎందుకనిపించిందంటే, మొదటి నెల మొత్తం నేను తప్పు దారిలో పోయా, అసలు దారి ఆయన చేత్తో రాసిన కాగితంలోనే ఉంది, నేనే చూసుకోలా.

వచ్చినప్పుడు

2023 ఆగస్టు. వయసు 62. 2021లో 60 నిండి రిటైరయ్యారు. తీసుకొచ్చింది కొడుకు, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్, రెండు రోజులు లీవు పెట్టి వచ్చాడు. అతను చెప్పిన కంప్లయింట్ ఏంటంటే నాన్న ఎవరితోనూ మాట్లాడట్లేదు, ఎనిమిది నెలల నుంచి మరీ ఎక్కువైంది, ఆరు కిలోలు తగ్గాడు, టీవీ పెట్టుకుని సౌండు తీసేసి చూస్తున్నాడు. భార్య చెప్పింది వేరే. "పొద్దస్తమానం ఇంట్లోనే అండీ. వంటింట్లోకి వచ్చి గ్యాసు తగ్గించు, పప్పు అంత ఎందుకు పోశావ్, పాలవాడు చిల్లర సరిగ్గా ఇచ్చాడా... 33 ఏళ్ళు బస్సులో జనాన్ని అడిగినవన్నీ ఇప్పుడు నన్నొక్కదాన్నే అడుగుతున్నారు." నాకు నవ్వొచ్చింది, ఆవిడ మాత్రం నవ్వలా. ఆ మాట కేస్ షీట్‌లో రాసుకున్నా గానీ అప్పుడు పెద్దగా పట్టించుకోలేదు, దాని దగ్గరికి మళ్ళీ వస్తా.

పెద్దాయన్ని అడిగితే "నాకేందమ్మా, బానే ఉన్నా" అన్నారు. వాళ్ళిద్దర్నీ బయట కూర్చోమన్నాక చాలాసేపు నేల వైపు చూస్తా కూర్చుని, "ఖాళీ బండి తిరుగుతా ఉందమ్మా. లోపల ఎవరూ లేరు. డీజిలు మాత్రం కాలతా ఉంది" అన్నారు.

డిప్రెషన్ ఎంత ఉందో చూసే పీహెచ్‌క్యూ-9 పెట్టా. తొమ్మిది ప్రశ్నలు, గత రెండు వారాలు ఎలా గడిచాయో అడుగుతాయి, ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు, మొత్తం 27. ఆయనకి 16 వచ్చింది, అంటే ఓ మోస్తరు దాటి తీవ్రం వైపు పోతున్నట్టు. తొమ్మిదో ప్రశ్న చావు గురించి, దానికి ఆయన 1 పెట్టారు. ఇక్కడ మొహమాటపడకూడదు, సూటిగానే అడిగా, చచ్చిపోవాలనిపిస్తోందా బాబాయ్ గారూ అని. "చావాలని కాదమ్మా, పొద్దున్నే మెలకువ రాకపోతే బాగుండు అనిపిస్తది." ఇంట్లో పురుగుమందు ఏమన్నా ఉందా అన్నది నా తర్వాతి ప్రశ్న. మిరప పండే నేల మీద ఈ ప్రశ్న అడక్కుండా ఎవర్నీ ఇంటికి పంపకూడదు అని నేను గట్టిగా నమ్ముతా. వీళ్ళకి ఎకరం చేను ఉంది, కౌలుకిచ్చారు, కౌలు చేసే అతను పెట్టి పోయిన డబ్బాలు రెండు వీళ్ళ వసారాలోనే ఉన్నాయంట. ఆ సాయంత్రమే తీయించేశాం. మనసు బాగోనప్పుడు ఫోన్ చేసే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 కొడుకు ఫోన్లో, ఆవిడ ఫోన్లో సేవ్ చేయించా.

నిద్ర సంగతి కొంచెం తమాషాగా ఉంది. తెల్లారుజామున మూడున్నరకే మెలకువ. పుస్తకం ప్రకారం అయితే డిప్రెషన్‌లో కనిపించే లక్షణమే, టిక్కు పెట్టేయొచ్చు. కానీ ఈయన ఏళ్ళ తరబడి ఫస్ట్ సర్వీసు ఎక్కిన మనిషి, నాలుగుంపావుకి డిపోలో ఉండాలి, మూడున్నరకి లేవడం ఒంటికి అలవాటైపోయింది. మరి తేడా ఎక్కడ అని అడిగితే ఆవిడే చెప్పింది, "అప్పుడు లేచి చొక్కా ఏసుకునేవాళ్ళు, ఇప్పుడు లేచి మంచం మీదే కూర్చుంటన్నారు" అని.

మతిమరుపు మొదలైందేమో అని కొడుకు భయం. దానికి పెట్టాల్సిన టెస్టులు పెట్టాం, తేడా ఏం కనపడలా. మధ్యలో సరదాకి మీ రూటులో స్టేజీలు చెప్పండి బాబాయ్ గారూ అన్నా. అంతే. ఆయన నడుం నిటారుగా అయింది, ఆ చివర నుంచి ఈ చివరకి స్టేజీలన్నీ, తర్వాత వెనక్కి, ఏ స్టేజీలో చింతచెట్టు కొట్టేశారు, ఎక్కడ షెల్టరు కూలింది, కాగితం టికెట్లు చించి ఇచ్చే రోజుల్లో ఎంత, టిమ్ము మిషన్ వచ్చాక ఎంత, ఆగలేదు. పాత జ్ఞాపకాలు గట్టిగా ఉన్నంత మాత్రాన మతిమరుపు లేనట్టు కాదు, అది నాకు తెలుసు, అందుకే టెస్టులు వేరేగా పెట్టాం. కానీ ఆ ఐదు నిమిషాలు బండి ఖాళీగా లేదు, అది నా కళ్ళతో నేను చూశా. చూసి కూడా వదిలేశా.

ఒంటి సంగతి కూడా చెప్పాలి, లేకపోతే ఈ కథంతా కౌన్సెలింగ్ గొప్పతనం అనుకునే ప్రమాదం ఉంది. ఆయనకి 12 ఏళ్ళుగా షుగరు, మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు. అది ఏళ్ళ తరబడి వాడేవాళ్ళలో కొందరికి ఒంట్లో విటమిన్ బి12 పడిపోతుంది, ఈయనకి బాగానే పడిపోయింది. నీరసం, అరికాళ్ళ తిమ్మిర్లు, మనసు బాగోకపోవడం, ఇవన్నీ దానివల్ల కూడా రావచ్చు. థైరాయిడ్ నార్మల్. డాక్టరు గారు బి12 ఇంజక్షన్లు మొదలుపెట్టారు, డిప్రెషన్‌కి వాడే ఎస్సిటాలోప్రామ్ 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి రెండు వారాలకి 10 చేశారు, పెద్దవయసులో ఈ మందుకి ఒంట్లో సోడియం తగ్గొచ్చు కాబట్టి అది కూడా చూస్తా వచ్చారు. కాబట్టి ఇక్కడి నుంచి నేను చెప్పే మార్పులో మందు వాటా ఉంది, సూది వాటా ఉంది, రోజులు గడవడం వాటా కూడా ఉంది. నా వాటా ఎంతో విడదీసి చెప్పలేను.

నేను చేసిన తప్పు

రిటైరైన మగవాళ్ళకి మన ఊళ్ళల్లో అందరూ చెప్పేది ఒకటే కదా, ఇంక కృష్ణా రామా అనుకుంటా కూర్చో. బంధువులు అంటారు, వియ్యంకుడు అంటాడు, ఏటీఎం దగ్గర కనపడ్డ పాత సూపర్‌వైజరూ అంటాడు. నాకు ఆ మాట మీద కోపమేం లేదు, నిజంగా అలా కూర్చోగలిగినవాళ్ళని నేను చూశా, వాళ్ళ మొహాల్లో ఒక నిదానం ఉంటుంది. కానీ అది ఒక పని, దానికీ సాధన కావాలి, 60వ పుట్టినరోజు మర్నాడు స్విచ్ వేస్తే వచ్చేది కాదు. ఈయనే అన్నారు, "గుళ్ళో కూర్చుంటే గంట కొట్టినప్పుడల్లా స్టేజీ వచ్చిందనిపిస్తదమ్మా."

కొడుకు ఇంకోటి తెచ్చాడు, ఆఫీసులో ట్రైనింగ్‌లో ఇచ్చిన ప్రింటవుట్. నాలుగు వృత్తాలు ఒకదాని మీద ఒకటి, నీకు ఇష్టమైనది, నువ్వు బాగా చేసేది, లోకానికి అవసరమైనది, నీకు డబ్బులొచ్చేది, మధ్యలో ఇకిగాయ్, అంటే జపాన్ భాషలో బతకాలనిపించే కారణం. ఈ బొమ్మ వాట్సాప్‌లో మీకూ వచ్చే ఉంటుంది. నాకు దీనితో ఒక పేచీ ఉంది. జపాన్‌లో ఆ మాట పాతదే, కానీ ఈ వృత్తాలు మాత్రం జపాన్‌వి కావు, స్పెయిన్‌లో ఒకతను ఎప్పుడో గీసిన బొమ్మ మధ్యలో ఒక బ్రిటిష్ అతను 2014లో ఆ మాట పెట్టాడు, అంతే. జపాన్‌లో దీని మీద గట్టిగా రాసింది మియెకో కమియా అనే సైకియాట్రిస్టు, 1966లో. ఆవిడ కుష్టు రోగుల ఆస్పత్రిలో పనిచేసిన మనిషి. ఊరు వెలేసి ఒక దీవిలో పెట్టేసిన వాళ్ళ దగ్గర కూర్చుని, వీళ్ళలో కొందరు ఎలా నిలబడుతున్నారు, కొందరు ఎందుకు కూలిపోతున్నారు అని చూసింది. అక్కడ నీకు డబ్బులొచ్చేది ఏంటి అనే వృత్తం పట్టుకుపోతే ఏమవుతుంది చెప్పండి. మన పెద్దాయన కూడా ఆ కాగితం చాలాసేపు చూసి నాలుగో వృత్తం మీద వేలు పెట్టి, "ఇది అయిపోయిందిగా నాన్నా" అన్నారు కొడుకుతో. ఆ కుర్రాడి మొహం చిన్నబోయింది, పాపం మంచికే తెచ్చాడు.

ఇంత తెలిసిన నేను చేసింది ఏంటంటే, రెండో సెషన్‌లో ఏం చేస్తే జీవితానికి అర్థం ఉందనిపిస్తుంది మీకు అని అడిగా. ఆయన ఫ్యాన్ వైపు చూశారు. విక్టర్ ఫ్రాంకల్ అని వియన్నా సైకియాట్రిస్టు, నాజీల క్యాంపుల్లోంచి బతికి బయటపడినవాడు, ఆయన చెప్పింది దీనికి సరిగ్గా తిరగేసి ఉంటుంది, జీవితాన్ని మనం ప్రశ్న అడగడం కాదు, అదే మనల్ని రోజూ అడుగుతుంటుంది, మనం చేతల్లో జవాబు చెప్పుకోవాలి అని. వారమంతా పనిలో ఉండి ఆదివారం ఖాళీ దొరకగానే లోపలి వెలితి బయటపడేవాళ్ళ గురించి కూడా ఆయన రాశాడు. మన కండక్టరు గారికి 2021 నుంచి రోజూ ఆదివారమే. ఇవన్నీ నేను కాలేజీలో పిల్లలకి పాఠం చెప్పా. చెప్పి, గదిలోకొచ్చి పెద్దమనిషిని సరిగ్గా ఆ పనికిరాని ప్రశ్నే అడిగా.

జవాబు రాకపోయేసరికి నేనే ఒక లిస్టు ఇచ్చా. పొద్దున మున్సిపల్ పార్కులో వాకింగ్, తర్వాత పేపరు, సాయంత్రం గుడి, రాత్రి మనవరాలితో వీడియో కాల్. దీన్ని మా భాషలో బిహేవియరల్ యాక్టివేషన్ అంటారు, 1970లలో లెవిన్‌సన్ అనే సైకాలజిస్టు వాళ్ళ పని నుంచి వచ్చింది, మనసు బాగైతే పని చేద్దాం అని కూర్చోకుండా ముందు పని మొదలుపెట్టించడం, దాంతో మనసు కదులుతుంది అని. పద్ధతి మంచిదే. కాకపోతే ఏ పని అన్నది నా బుర్రలోంచి ఇచ్చా, అదీ తప్పు.

దాంతోపాటు గంట గంటకీ ఏం చేశారో రాసి, పక్కన సంతోషానికి 10కి ఎన్ని, ఏదో ఒక పని అయిందన్న తృప్తికి 10కి ఎన్ని అని మార్కులు వేసుకోమని ప్రింటెడ్ షీటు ఇచ్చా. చాలామంది ఈ షీటు నింపరు, నింపినా సెషన్‌కి వచ్చే ముందు ఆటోలో కూర్చుని వారం మొత్తం ఒకేసారి గిలికేస్తారు. ఈయన నా షీటు పక్కన పడేసి, లాంగ్ నోట్‌బుక్‌లో స్కేలుతో గీతలు గీసి సొంతంగా తయారు చేసుకుని వచ్చారు. చూస్తే అచ్చం ఎస్సార్ లాగే ఉంది. ఎస్సార్ అంటే తెలియనివాళ్ళకి, కండక్టరు స్టేజీ స్టేజీకి టికెట్ల లెక్క రాసి క్లోజ్ చేసే షీటు, దారిలో చెకింగ్ వాళ్ళు ఎక్కితే ముందు చూసేది దాన్నే. నేను మెచ్చుకుంటే, "తప్పు రాస్తే చెకింగ్‌లో దొరికిపోతాం కదమ్మా" అన్నారు, నవ్వకుండానే.

నాలుగు వారాలు నేను చెప్పినవన్నీ తు.చ. తప్పకుండా చేశారు. డ్యూటీ వేస్తే ఎక్కే మనిషి కదా. వాకింగ్ 2, పేపరు 2, గుడి 1, వీడియో కాల్ 4, అదీ మనవరాలు ఫోన్ లాక్కుని పరిగెత్తిన రోజు. స్కోరు 16 నుంచి 14కి వచ్చింది. ఐదు పాయింట్లు తగ్గితే గానీ దాన్ని మార్పు అనం మేము. మందు డోసు పెంచమని డాక్టరు గారికి చెబుదామా అనుకుంటున్నా.

ఒక్క లైను

నాలుగో వారం నోట్‌బుక్‌లో, గురువారం పేజీలో, ఇలా ఉంది: "10:40 – 11:15. బస్టాండు. ఐదొందలకి చిల్లర కోసం. 7."

నోట్‌బుక్ మొత్తానికి ఇంకెక్కడా 4 దాటలా. ఇదేంటి బాబాయ్ గారూ అంటే, "అదా, ఏం లేదులేమ్మా" అన్నారు. అడగ్గా అడగ్గా చెప్పారు. చిల్లర కోసం వెళ్తే ఒక ముసలామె కూరగాయల సంచీ పక్కన పెట్టుకుని వేరే ప్లాట్‌ఫాం దగ్గర కూర్చుని ఉంది. రోడ్డు పని వల్ల ఆవిడ ఊరి బస్సు వారం నుంచి అవతలి వైపు పెడుతున్నారు, ఆ సంగతి ఆవిడకి తెలీదు, బోర్డు చదవలేదు. ఈయన వెళ్ళి సంచీ అందుకుని అవతలికి తీసుకెళ్ళి, బస్సు వచ్చేదాకా పక్కన నిలబడి, ముందు డోరులోంచి ఎక్కించి, వేపచెట్టు స్టేజీలో ఆపమని కండక్టరుకి చెప్పి వచ్చారు.

"ఆవిడ ఏమంది?"

"ఏమంటదమ్మా. ఎక్కింది, పోయింది."

"మరి 10 వేయకుండా 7 ఎందుకేశారు?"

"బస్సు పావుగంట లేటుగా."

ఆ రోజు సెషన్‌లో ఇంకేం చేయలా మేము, ఆ 35 నిమిషాల గురించే మాట్లాడుకున్నాం. మంచిపని చేశారు కాబట్టి తృప్తి అని తేల్చేయడం తేలిక, నేనూ ముందు అలాగే అనుకున్నా. ఆయన చెప్పేది వింటుంటే అది కాదనిపించింది. గుడికి ఆయన వెళ్ళకపోయినా హారతి ఆగదు, పార్కులో ఆయన నడవకపోతే అడిగేవాడు లేడు. బస్టాండులో ఆ ముసలామె దగ్గర మాత్రం ఆయనకి తెలిసిన సంగతి ఒకటి పనికొచ్చింది, అది అక్కడ ఇంకెవరికీ తెలీదు లేదా తెలిసినవాళ్ళకి తీరిక లేదు. 33 ఏళ్ళు రోజూ వాడిన తెలివి, రెండేళ్ళ నుంచి వంటింట్లో పప్పు కొలతల మీద పడి ఆవిడ ప్రాణం తీస్తున్న తెలివి, అక్కడ సరైన చోటు చూసుకుని కూర్చుంది.

నా లిస్టు కొట్టేశా. వారానికి మూడు రోజులు బస్టాండుకి వెళ్ళండి, ఏం చేయాలో నేను చెప్పను అన్నా.

సాఫీగా ఏం సాగలా. మొదటి వారమే పాత దోస్తు ఒకతను "ఏంది, రిటైరైనా వదల్లేదా బస్టాండుని" అని నవ్వాడంట, ఆ రోజు మార్కు 0, పక్కన ఏమీ రాయలేదు. ఇంకో రోజు అక్కడి డ్యూటీలో ఉన్న కుర్రాడొకడు ఎవరు నువ్వు, ఇక్కడ నీకేం పని అని గదమాయించాడు. దాంతో పది రోజులు వెళ్ళలా. పని లేకుండా బస్టాండులో తిరిగే మనిషి చూసేవాళ్ళకి ఎలా కనిపిస్తాడో ఆయనకే బాగా తెలుసు, అలాంటివాళ్ళని ఆయన కూడా గదమాయించిన రోజులున్నాయి.

దారి ఆయనే కనుక్కున్నారు. టౌన్లో ఒక ఆస్పత్రిలో డయాలిసిస్ ఉంది. సోమ, బుధ, శుక్ర పల్లెల నుంచి వచ్చేవాళ్ళు ముగ్గురు ఈయన పాత రూటు మీద వాళ్ళే. డయాలిసిస్ అంటే నాలుగు గంటలు మంచం మీద పడుకోవాలి, అయ్యాక బీపీ పడిపోతుంది, కాళ్ళు లాగేస్తాయి, అలాంటి మనిషి ఒంటిగంట ఎండలో బస్టాండులో నిలబడి, ఆ తోపులాటలో సీటు పట్టుకోవాలంటే అయ్యే పని కాదు. ఈయన చేసేది చిన్న పని, బస్సు ప్లాట్‌ఫాం మీదకి రాకముందే అది ఎక్కడ ఆగి ఉందో తెలుసు కాబట్టి అక్కడికే పోయి, డ్రైవరుకి చెప్పి, ముందు సీట్ల మీద మూడు తువ్వాళ్ళు పరిచి రావడం. తువ్వాళ్ళు ఈయనవే. ఉతికి మడతపెట్టి సంచీలో పట్టుకెళ్ళడం కూడా ఈయనే. ఆ సంచీ ఒకసారి నా దగ్గరికి తెచ్చారు, మూడు రంగులు, ఎవరి రంగు వాళ్ళది, నీలం ఆయనకి నీలమే కావాలంట, వేరేది వేస్తే కూర్చోడంట.

పదో వారానికి స్కోరు 9. తొమ్మిదో ప్రశ్నకి 0. మూడున్నరకి లేవడం మాత్రం మారలేదు, లేచి టీ పెట్టుకుంటున్నారు, ఆవిడకి కూడా ఒక గ్లాసు మూత పెట్టి ఉంచుతున్నారు, ఆవిడ ఐదున్నరకి లేచేసరికి చల్లారిపోయి ఉంటుంది, అది వేరే గొడవ.

నీలం తువ్వాలు

2024 ఫిబ్రవరిలో నీలం తువ్వాలాయన చనిపోయాడు. ఈయనకి ఎవరూ చెప్పలేదు, చెప్పాలని ఎవరికి తడుతుంది. సోమవారం తువ్వాలు వేశారు, రాలేదు. బుధవారం వేశారు, రాలేదు. శుక్రవారం మిగతా ఇద్దరిలో ఒకావిడ "ఇంక ఆ తువ్వాలు తెమాక అన్నా" అంది.

ఆ వారం స్కోరు 13. నాకు భయమేసింది, నేనే ఈయన్ని తీసుకెళ్ళి రోగుల మధ్య కూర్చోబెట్టానా, ఎవరూ అక్కర్లేని పార్కే నయమా అని. సూపర్‌విజన్‌లో మా సీనియర్‌ని అడిగా, ఆవిడ నన్ను తిరిగి అడిగింది, ఆయన ఏడ్చాడా అని. ఏడ్చారు. రిటైరయ్యాక మొదటిసారి ఏడ్చారంట. మరి ఖాళీ బండి ఏడవదుగా అంది ఆవిడ. బాధ వేరు, డిప్రెషన్ వేరు, రెండూ షీటు మీద ఒకే అంకె చూపించొచ్చు, ఇది పుస్తకాల్లో ఉన్నదే, కానీ ఎదురుగా 13 అని కనపడితే మనిషి చేతులాడవు. తొమ్మిదో ప్రశ్న మళ్ళీ మళ్ళీ అడిగా, 0 నే. సెషన్లు దగ్గర దగ్గరగా పెట్టుకున్నాం.

పెద్దకర్మకి ఆ ఊరు వెళ్ళొచ్చారు. తన పాత బస్సులోనే, టికెట్ తీసుకుని, కిటికీ పక్కన కూర్చుని. 33 ఏళ్ళలో ఆ రూటులో కూర్చుని కిటికీలోంచి చూడ్డం అదే మొదటిసారి అంట. "ఎడమ పక్క చెరువుందని తెలుసుగానీ అంత పెద్దదని తెలవదమ్మా" అన్నారు. దాని గురించి చాలాసేపు చెప్పారు, నీళ్ళలో గేదెలు, కట్ట మీద తుమ్మచెట్లు. ఆ ఇంట్లో వాళ్ళు భోజనం చేయకుండా పంపలేదు. నీలం తువ్వాలు వాళ్ళకే ఇచ్చేసి వచ్చారు.

మార్చి 8 శివరాత్రి. కోటప్పకొండ తిరునాళ్ళ అంటే మా వైపు ఆర్టీసీ వాళ్ళకి పండగ కాదు, యుద్ధం. స్పెషల్ బస్సులు, ప్రభలు, రాత్రంతా జనం. ఈయన అన్నేళ్ళ సర్వీసులో ఒక్క శివరాత్రి కూడా కొండ ఎక్కి త్రికోటేశ్వరుణ్ణి చూసింది లేదంట, కింద బస్సుల దగ్గరే తెల్లారిపోయేది. ఈసారి భార్యని తీసుకుని వెళ్ళారు. నోట్‌బుక్‌లో దర్శనం 5, ప్రభలు 8, తిరుగు బస్సు కోసం నిలబడిన రెండు గంటలు 9. ఆ రెండు గంటలు ఏం చేశారని నేను అడగలా, ఆవిడే చెప్పింది: "ఏం చేస్తారు, జనాన్ని లైన్లో నిలబెట్టారు. ఎవరో ఈయన్ని డ్యూటీలో ఉన్నారనుకుని టికెట్ ఇమ్మని ఐదొందల కాగితం కూడా ఇచ్చారు."

ఏప్రిల్‌కి స్కోరు 6. మొత్తం 14 సెషన్లు అనుకున్నది 17 అయ్యాయి. మందు డాక్టరు గారు ఇంకో ఆరు నెలలు నడిపించి మెల్లగా తగ్గించారు. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగుల్లో ఆడవాళ్ళకి టికెట్ ఫ్రీ అయ్యాక ఒకసారి ఫోన్ చేశారు, రద్దీ పెరిగింది, సీటు పట్టడం కష్టమవుతోంది, ఆధార్ కార్డు ఇంట్లో మర్చిపోయి వచ్చేవాళ్ళతో కండక్టర్లకి రోజూ పంచాయితీ, ఈయన స్టాండులోనే ముందు అందరివీ చూసేస్తున్నారంట. ఎవరూ అడగలేదు చూడమని. నేను ఏమీ అనలేదు.

ఇంకొక షీటు

మొదటి రోజు భార్య అన్న మాట దగ్గరికి మళ్ళీ వస్తా అన్నా కదా, అది ఇక్కడ. 15వ సెషన్‌కి ఆవిడ ఒక్కతే వచ్చింది. ఆయన బస్టాండులో ఉన్నారంట, బుధవారం కదా. కూర్చుని, కొంగుతో చెమట తుడుచుకుని, "ఆయన రిటైరయ్యారు, మళ్ళీ ఏదో పని పెట్టుకున్నారు, బాగుంది. నాకెప్పుడండీ రిటైర్‌మెంటు?" అంది.

నా దగ్గర జవాబు లేదు. ఎనిమిది నెలలు ఆయనకి ఎవరో ఒకరు ఎదురుచూసే చోటు వెతకడంలో మునిగిపోయి, 40 ఏళ్ళుగా ఇంటిల్లిపాదీ ఎదురుచూస్తున్న మనిషి పక్కనే కూర్చుని ఉన్న సంగతి నేను వదిలేశా. ఆవిడకి స్కోరు పెట్టా, 7, జబ్బు అనేంత లేదు. షీటు ఒకటి ఇచ్చా, ఆయనకి ఇచ్చినదే. మీకు రాయడం కుదిరితేనే రాయండి అన్నా.

తర్వాతి వారం తెచ్చింది. స్కేలు గీతలేం లేవు, పెన్సిలుతో, పాల లెక్క రాసే పుస్తకం వెనక పేజీలో. ఐదున్నర నుంచి రాత్రి పది దాకా పనులన్నీ ఉన్నాయి, మార్కులు దేనికీ వేయలేదు, వంటకి లేదు, పూజకి లేదు, కూతురి ఫోన్‌కి కూడా లేదు. ఒక్క చోట వేసింది.

"సోమ బుధ శుక్ర. 12 నుంచి 2. ఆయన లేరు. ఎవరూ లేరు. ఫ్యాన్ కింద కూర్చున్నా. 10."